అడవికి దారి... ఎంతవరకు?

నగరం నడిబొడ్డున అడవి ఉండటం అదృష్టం. ఆ అడవిలోకి వెళ్లగలగడం అంతకన్నా అదృష్టం. కానీ అందరూ వెళితే అడవి మిగలదు, ఎవరూ వెళ్లకపోతే అడవి గురించి పట్టించుకునేవాళ్లే ఉండరు. మరి దారి ఎక్కడ వేయాలి? ఎంతవరకు వేయాలి? ఎవరికోసం వేయాలి?

తెల్లవారుజామున అయిదున్నర. హైదరాబాద్ ఇంకా పూర్తిగా కళ్లు తెరవలేదు. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ మధ్యనున్న కేబీఆర్ పార్కు దగ్గర మాత్రం అప్పటికే సందడి మొదలైపోయింది. చెవులకు మఫ్లర్ చుట్టుకున్న పెద్దాయన, బూట్ల తాళ్లు బిగించుకుంటున్న సాఫ్ట్‌వేర్ కుర్రాడు, చీర మీద స్వెట్టర్ వేసుకుని చకచకా నడిచే గృహిణి... ఒక్కొక్కరే నడక అందుకుంటారు. కంచెకు ఇవతల బూట్ల చప్పుడు. కంచెకు అవతల ఎండుటాకుల మీద నెమలి అడుగుల సవ్వడి. రెంటికీ మధ్య దూరం పట్టుమని పది గజాలు కూడా ఉండదు.

ఇక్కడ నడిచేవాళ్ల కబుర్లలో చెవి పెడితే రెండు మాటలు తరచూ వినిపిస్తాయి. ఒకటి - ‘ఇంత అడవి ఖాళీగానే ఉందిగా, లోపల ఇంకో రెండు దారులు వేస్తే ఏం పోయింది?’ రెండోది - ‘ఇప్పటికే జనం ఎక్కువైపోయారు, గేట్లు మూసేస్తే గానీ ఈ అడవి బతకదు’. రెండింట్లోనూ నిజముంది. అయితే వీటి మధ్య వినపడని గొంతు ఒకటుంది. అది గేటుదాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయిన చక్రాల కుర్చీది. మోకాళ్లు అరిగిపోయి కిటికీలోంచే చెట్లను చూస్తూ కూర్చున్న అమ్మమ్మది. కొత్తగా ఎన్ని దారులు వేసినా, ఉన్న దారులు ఎన్ని మూసినా వాళ్లకు ఒరిగేదేమీ లేదు. అసలు సమస్యను వాళ్ల వైపు నుంచి చూడటం మొదలుపెడితే ఆశ్చర్యంగా అడవికీ మేలు జరిగే మార్గం ఒకటి కనిపిస్తుంది.

కోట పోయి... కోన మిగిలింది

కేబీఆర్ పార్కు పూర్తి పేరు కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానం. 1964 నుంచి 1971 వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా పనిచేసిన నేత పేరు అది. అంతకుముందు ఈ నేలంతా నిజాం వంశీకులది. చివరి నిజాం మనవడు ముకర్రం జా నివాసం చిరాన్ ప్యాలెస్ ఇప్పటికీ ఆ చెట్ల మధ్యే ఉంది. చుట్టూ కొండలు తొలిచి, బండలు పగలగొట్టి కాలనీలు లేచినా రాజుగారి తోట కాబట్టి ఇక్కడి రాయీ రప్పా, చెట్టూ చేమా అలాగే మిగిలాయి. 1998లో ప్రభుత్వం దీన్ని జాతీయ ఉద్యానంగా ప్రకటించింది. విస్తీర్ణం సుమారు 350 ఎకరాలు. అంటే ఒకటిన్నర చదరపు కిలోమీటరు కూడా లేదు!

జాతీయ ఉద్యానం అన్నది మామూలు పార్కు లాంటి మాట కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అత్యంత కట్టుదిట్టమైన రక్షణ ఉండేది దీనికే. లోపలికి ఎవరెవరిని, ఏ పని మీద అనుమతించాలో ఆ చట్టమే చెబుతుంది. వన్యప్రాణుల అధ్యయనం, ఫొటోలు తీయడం, శాస్త్ర పరిశోధన, పర్యాటకం... ఇలా ఉంటుంది ఆ జాబితా. పొద్దున్నే నడక, షుగరు తగ్గించుకోవడం, స్నేహితులతో కబుర్లు అన్న మాటలు అందులో ఎక్కడా కనిపించవు. కానీ నగరం మధ్యలో అడవి ఉన్నప్పుడు నగరం ఆగుతుందా? వేలమంది జీవితంలో అదొక అలవాటైపోయింది.

మరి లోపల ఉన్నవాళ్ల సంగతి? పార్కులో వందలాది రకాల మొక్కలు, వందకు పైగా పక్షి జాతులు ఉన్నాయి. నెమళ్లు సరే... అలుగు, పునుగుపిల్లి, అడవిపిల్లి, ముళ్లపంది కూడా ఇక్కడి జీవుల జాబితాలో ఉన్నాయి. వీటిలో చాలావరకు రాత్రిపూట తిరిగేవే. అవి ఉన్నట్టు మనకు తెలియకపోవడమే వాటికి శ్రీరామరక్ష.

అడుగు పడితే ఏమవుతుంది?

‘మనం నడిస్తే అడవికేం నష్టం? కొమ్మ విరిచామా, పిట్టను కొట్టామా?’ అనిపించడం సహజం. కానీ నష్టం చెయ్యి చేసేది కాదు, కాలు చేసేది.

హైదరాబాద్ చుట్టుపక్కల అడవుల్లో ఉండేది ఎక్కువగా చెల్క నేల. గ్రానైటు బండ మీద పలచగా పరుచుకున్న ఎర్రమట్టి. ఆ మట్టిలో గాలి ఆడేందుకు, నీరు ఇంకేందుకు సన్నని ఖాళీలుంటాయి. జనం నడిచేకొద్దీ ఆ ఖాళీలు మూసుకుపోయి నేల గట్టిపడుతుంది. వాన పడితే నీరు లోపలికి ఇంకదు, దారి వెంటే పారుతుంది. పారుతూ మట్టిని కోసుకుపోతుంది. నాలుగు వానాకాలాలు గడిచేసరికి దారి కాస్తా చిన్న వాగులా తయారవుతుంది. చెట్ల వేళ్లు బయటపడతాయి. అక్కడ బురద, గుంత ఉంటాయని జనం పక్కనుంచి నడుస్తారు. అది రెండో దారవుతుంది. అదీ పాడైతే మూడోది. అడుగున్నర వెడల్పు కాలిబాట రెండుమూడేళ్లలో బండి దారంత అవుతుంది.

కాలిబాటల ప్రభావాన్ని అధ్యయనం చేసే శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా చెబుతున్న మాట ఒకటుంది. అది వింటే మన ఆలోచనే మారిపోతుంది. నష్టంలో ఎక్కువ భాగం మొదట్లోనే జరిగిపోతుందట. ఎవరూ తొక్కని చోట కొద్దిమంది నడిచినా గడ్డీ గాదం, లేత మొక్కలు చాలావరకు చచ్చిపోతాయి. అప్పటికే బాగా గట్టిపడిన దారిలో మరో వందమంది నడిచినా అదనంగా జరిగే నష్టం తక్కువే. అంటే వందమందిని పది దారుల్లో పంచితే అడవికి మేలనుకోవడం పొరపాటు. ఒక్క దారిలో నడిపిస్తేనే మేలు!

ఇంకో లెక్క చూడండి. రెండు మీటర్ల వెడల్పుతో కిలోమీటరు దారి వేశారనుకోండి. పోయే నేల అర ఎకరమే. కానీ మన మాటలకు, నడకకు బెదిరి దారికి అటూ ఇటూ ముప్ఫై మీటర్ల మేర పక్షులు గూడు కట్టడం మానేశాయనుకుందాం. అప్పుడు ఆ ఒక్క కిలోమీటరు దారికి దాదాపు పదిహేను ఎకరాల అడవి కలత పడినట్టు. అలాంటివి పది కిలోమీటర్లు వేస్తే? దగ్గర దగ్గర నూట యాభై ఎకరాలు. మూడొందల యాభై ఎకరాల అడవిలో అది ఎంత వాటానో వేరే చెప్పక్కర్లేదు. ‘ఖాళీగా ఉంది’ అని మనకనిపించే చోటే వాటి కాపురం. ఆడనెమలి గుడ్లు పెట్టేది చెట్టు మీద కాదు, నేల మీద పొదల చాటున. కౌజు పిట్ట, తీతువు పిట్ట కూడా అంతే. ఆరుద్ర కార్తెలో తొలకరి పడగానే ఎర్రటి మఖమల్ గుడ్డ ముక్కల్లా నేల మీద పాకే ఆరుద్ర పురుగులు గుర్తున్నాయా? అవి మిగతా కాలమంతా దాక్కునేది ఆ మట్టిలోనే. గట్టిపడిపోయిన నేలలో వాటికి చోటుండదు.

బూట్లకు అంటుకుని వచ్చే విత్తనాలు మరో తలనొప్పి. వయ్యారిభామ లాంటి కలుపు మొక్కలు రోడ్డు పక్క నుంచి అడవిలోకి రావడానికి కాలిబాట రాజమార్గం. ఇక చీమలకని పంచదార, కోతులకని అరటిపళ్లు, నెమళ్లకని మరమరాలు... పుణ్యమనుకుని చేసే ఈ పనులతో అడవి జంతువు మనిషి చేతి వైపు చూడటం నేర్చుకుంటుంది. ఆ తర్వాత లాక్కోవడం నేర్చుకుంటుంది.

మరి గేట్లు మూసేద్దామా?

అలాగని మనిషిని పూర్తిగా బయట ఉంచితే అడవి క్షేమంగా ఉంటుందా? నగరంలో అయితే ఉండదు. దానికి సాక్ష్యం ఇదే పార్కు.

2016లో కేబీఆర్ పార్కు చుట్టూ ఉన్న కూడళ్లలో ఫ్లైఓవర్లు కట్టాలన్న ప్రతిపాదన వచ్చింది. అందుకోసం అంచుల్లో ఉన్న వెయ్యికి పైగా చెట్లను తొలగించాలన్నారు. అప్పుడు రోడ్డెక్కింది ఎవరు? రోజూ పొద్దున్నే అక్కడ నడిచేవాళ్లు. చేయీ చేయీ కలిపి పార్కు చుట్టూ మానవహారం కట్టారు. చెట్లను కౌగిలించుకున్నారు. వ్యవహారం జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లింది, చెట్ల నరికివేత మీద స్టే వచ్చింది. పార్కు చుట్టూ పర్యావరణ సున్నిత మండలం ఎంత ఉండాలన్న చర్చ ఆ తర్వాతా సాగింది. 2020 నాటి తుది నోటిఫికేషన్‌లో తేలింది ఎంతో తెలుసా? కొన్నిచోట్ల 3 మీటర్లు, ఎక్కువలో ఎక్కువ 29.8 మీటర్లు. నాలుగు అంగలు వేస్తే దాటిపోయేంత రక్షణ! 2024లో ఆ కూడళ్లకే మరో ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌ల ప్రణాళిక వచ్చినప్పుడు మళ్లీ అభ్యంతరాలు లేవనెత్తిందీ ఆ నడిచేవాళ్లే.

2025లో కంచ గచ్చిబౌలి కథా అంతే. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కనున్న 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు వచ్చినప్పుడు ముందుగా అడ్డు నిలిచింది అక్కడ చదువుకుంటున్న విద్యార్థులు. ఆ బండలు, ఆ మడుగులు, ఆ నెమళ్ల కూతలు వాళ్లకు పుస్తకంలో చదివినవి కావు, రోజూ చూసినవి. ఏప్రిల్ మొదటివారంలో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని చెట్ల కొట్టివేతను ఆపింది.

చూడని అడవి కోసం ఎవరూ గొంతు విప్పరు. నగరంలో అడవికి కంచె ఒక రక్షణ అయితే, దాన్ని ప్రేమించే జనం అంతకన్నా గట్టి కంచె. కాబట్టి జనాన్ని రానివ్వాలి. ప్రశ్నల్లా... ఎలా రానివ్వాలన్నదే.

అందరూ అంటే... ఎవరు?

‘పార్కు అందరిదీ’ అని బోర్డు రాసి ఉంటుంది. గేటు దగ్గరికి వెళితే బైకులు లోపలికి రాకుండా ఇనుప గొట్టాలతో వంకరటింకర దారి పెట్టి ఉంటుంది. బైకు ఆగుతుందో లేదో గానీ చక్రాల కుర్చీ మాత్రం కచ్చితంగా ఆగిపోతుంది. పసిబిడ్డను తోపుడుబండిలో తెచ్చిన తల్లీ ఆగిపోతుంది. ఇది ఏ ఒక్క పార్కు కథో కాదు, మన ఊళ్లలో సగం పార్కుల కథ.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షల మంది. వీళ్లకు తోడు వయసు మీదపడినవాళ్లు, పక్షవాతం నుంచి కోలుకుంటున్నవాళ్లు, గుండె ఆపరేషన్ అయినవాళ్లు, నిండు గర్భిణులు. డాక్టర్లు ‘రోజూ కాస్త నడవండి’ అని చెప్పేది వీళ్లకే. నడవడానికి దారి లేనిదీ వీళ్లకే. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం బహిరంగ ప్రదేశాలన్నీ అందరికీ అందుబాటులో ఉండాలంటోంది. అడవికి ఆ మాట ఎలా వర్తిస్తుంది?

ఇక్కడే పెద్ద అపోహ ఒకటుంది. అందుబాటు అనగానే చాలామందికి గుర్తొచ్చేది సిమెంటు. అడవి మధ్యలో కాంక్రీటు రోడ్డు పోసి, టైల్స్ పరిచి, రెయిలింగు పెడితే అందుబాటు వచ్చేసినట్టే అనుకుంటారు. నిజానికి చక్రాల కుర్చీకి కావలసినవి మూడే. నేల గట్టిగా ఉండాలి, ఎత్తుపల్లాలు ఉండకూడదు, వాలు తక్కువ ఉండాలి. కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం ర్యాంపు పన్నెండు అడుగుల పొడవుకు ఒక్క అడుగుకు మించి ఎత్తు లేవకూడదు. రెండు చక్రాల కుర్చీలు ఎదురెదురుగా వచ్చి దాటాలంటే ఆరడుగుల వెడల్పు కావాలి. మొరం, రాతిపొడి కలిపి తడిపి బాగా దిమ్మిస చేసిన దారి ఈ పనికి సరిపోతుంది. వాన నీరు పక్కకు జారేలా మధ్యలో కాస్త ఉబ్బెత్తు పెడితే కోతకూ గురికాదు. పల్లంలో, నీరు నిలిచే చోట నేలకు అడుగెత్తున చెక్కతో వంతెనలాంటి నడకదారి వేస్తే కింద నుంచి నీరూ పోతుంది, ఉడుమూ పోతుంది.

ఇలాంటి దారి కిలోమీటరు వేయడానికి అయ్యే ఖర్చు, శ్రమ ఎక్కువ. అందుకే ఎక్కువ దారులు వేయలేం. వేయకూడదు కూడా. అడవి అంచుల్లో, గేటుకు దగ్గర్లో, ఇప్పటికే జనం తొక్కి గట్టిపడిన చోట ఒకే ఒక్క మంచి దారి. కొద్ది దూరానికో కూర్చునే బల్ల. చూపులేనివాళ్లు పట్టుకుని నడిచేందుకు ఓ పక్కన తాడు. అందరూ ఆ దారిలోనే. మధ్యలో ఉన్న అడవి మాత్రం ఎవరిదీ కాదు, దానిదే. దారుల సంఖ్య పెంచితే ఇప్పటికే నడవగలిగినవాళ్లు ఇంకాస్త నడుస్తారు. ఉన్న ఒక్క దారిని బాగుచేస్తే ఇప్పటిదాకా రాలేనివాళ్లు వస్తారు. అందుబాటు అంటే రెండోదే కదా!

సింగపూర్ నేర్చుకున్న పాఠం

ఈ చిక్కుముడి మనకొక్కరికే లేదు. సింగపూర్ మధ్యలో బుకిట్ తిమా అనే కొండ అడవి ఉంది. 163 హెక్టార్లు... మన కేబీఆర్ పార్కుకన్నా కాస్త పెద్దది, అంతే. జనం తాకిడికి అక్కడి దారులు కోతకు గురై, వాలులు జారిపోయే స్థితి వచ్చింది. 2014 సెప్టెంబరులో అధికారులు దాన్ని మూసేశారు. వాలులను బాగుచేశారు, దారులను సరిదిద్దారు, నేల కోలుకునేలా కొన్నిచోట్ల నడకను నేలకు పైకి లేపారు. 2015 ఏప్రిల్ నుంచి శని, ఆదివారాల్లో కొంతమేర అనుమతించి, 2016 అక్టోబరులో పూర్తిగా తెరిచారు. రెండేళ్లు! నగరవాసులు ఓపిక పట్టారు. పక్కనే ఉన్న మరో అడవిలో చెట్ల కొసల ఎత్తున 250 మీటర్ల వేలాడే వంతెన కట్టి 2004 నుంచి ఒకే దిశలో నడవనిస్తున్నారు. రక్షిత అడవి మీద ఒత్తిడి తగ్గించేందుకు దాని చుట్టూ చిన్న చిన్న ప్రకృతి పార్కులు పెంచుతున్నారు.

అక్కడిదే మరో ముచ్చట. చెక్ జావా అనే సముద్రతీరాన్ని పూడ్చేయాలని ఒకప్పుడు నిర్ణయించారు. 2001లో ఈ సంగతి తెలిసిన జనం ఆఖరిసారి చూసి పోదామని వేలల్లో తరలివెళ్లారు. చూసినవాళ్లు ఊరుకోలేదు. ఆ ఏడాది డిసెంబరులో ప్రభుత్వం పూడ్చివేతను వాయిదా వేసింది. కానీ కాపాడిన ఆ పాదాలే ఆ తీరంలోని జీవులను తొక్కేయడం మొదలెట్టాయి. 2007లో కిలోమీటరుకు పైగా పొడవున్న చెక్క నడకదారి వేశాక గానీ సమస్య సద్దుమణగలేదు. జనం రాక కాపాడింది, జనం రాకే ప్రమాదమైంది, మంచి దారి ఆ రెంటినీ కలిపింది.

మన దగ్గరా దారులున్నాయి

మనం మొదటినుంచీ మొదలెట్టనక్కర్లేదు. హైదరాబాద్ చుట్టూ ఉన్న రిజర్వు అడవుల్లో అర్బన్ ఫారెస్ట్ పార్కులు తీర్చిదిద్దినప్పుడు పాటించిన సూత్రం ఇదే. అడవిలో కొంత భాగాన్ని జనానికి తెరిచి, మిగతాదాన్ని సంరక్షణకు వదిలేయడం. కండ్లకోయ ఆక్సిజన్ పార్కు లాంటివి అలా వచ్చినవే. ఊరి పక్కనే నడవడానికి పచ్చని చోటు దొరికితే జాతీయ ఉద్యానం మీద భారం తగ్గుతుంది.

విశాఖపట్నాన్ని ఆనుకుని సుమారు 70 చదరపు కిలోమీటర్ల కంబాలకొండ అభయారణ్యం ఉంది. 2002లో ప్రకటించారు. చిరుతలు తిరిగే అడవి. అక్కడి పర్యావరణ పర్యాటక కేంద్రాన్ని పక్కనే ఉన్న శంభువానిపాలెం గిరిజనుల భాగస్వామ్యంతో ఏర్పాటుచేశారు. అడవి ఎవరి ఇంటి ముందు ఉందో వాళ్లకే ఉపాధి దొరికితే కాపలాకు వేరే మనిషి అక్కర్లేదు.

ఎక్కడ నడవాలన్నదే కాదు, ఎప్పుడు నడవాలన్నదీ ముఖ్యమే. ఆ పాఠాన్ని తిరుమల చాలా కష్టంగా నేర్పింది. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల చిన్నారిని చిరుత బలితీసుకుంది. ఆ తర్వాత పదిహేనేళ్లలోపు పిల్లలను మధ్యాహ్నం రెండు దాటాక నడకదారిలోకి అనుమతించకూడదని నిర్ణయించారు. గుంపులుగా నడవమన్నారు, చేతికి కర్ర ఇచ్చారు, జంతువులకు తిండి పెట్టొద్దన్నారు. భక్తులు ఏ హక్కూ పోగొట్టుకోలేదు. వేళ మారిందంతే. అడవికీ ఓ దినచర్య ఉంటుందనీ, దాన్ని మనం గౌరవించాలనీ ఒప్పుకోవడమది.

అడవిలో అడుగేసేముందు...

• దారి బురదగా ఉంటే పక్కకు వెళ్లకండి, అందులోనే నడవండి. బూట్లు కడుక్కోవచ్చు, గట్టిపడిన నేలను మామూలు చేయలేం.
• అడ్డదారులు తొక్కొద్దు. మీరు ఆదా చేసే ఇరవై అడుగులే రేపటి వాగు.
• చీమలకు పిండి, కోతులకు పండు, నెమళ్లకు గింజలు... ఏదీ వద్దు. వాటి వంట వాటికి వచ్చు.
• సెల్‌ఫోన్ పాటలు చెవిలోనే ఉండనివ్వండి.
• పెంపుడు కుక్క ఇంట్లోనే ఉంటే మంచిది. దాని వాసన చాలు, కుందేలు ఆ పక్కకు రాదు.
• చక్రాల కుర్చీ ఎదురైతే మీరే పక్కకు తప్పుకోండి. అయితే దారి అంచు దాటకుండా.
• మీ ఊరి పార్కు గేటు ఎవరినైనా ఆపుతోందా? అధికారులకు ఒక్క ఉత్తరం రాయండి. గేటు మార్చడానికి ఒక్క చెట్టూ కొట్టక్కర్లేదు.

తేలని తగవులు

అన్నీ ఇంత సులువుగా తేలేవే కాదు. దీపాల సంగతే తీసుకోండి. పార్కుల చుట్టూ ఉండే నడకదారుల్లో చీకటి పడితే ఆడవాళ్లకు భయం. దాడులు జరిగిన సందర్భాలూ ఉన్నాయి. కాబట్టి దీపాలు కావాలి. కానీ అదే వెలుగు కంచె లోపలున్న గుడ్లగూబకు, గబ్బిలానికి, పునుగుపిల్లికి రాత్రిని లేకుండా చేస్తుంది. ఇక్కడ ఎవరో ఒకరు కొంత వదులుకోక తప్పదు. దీపాలను కిందికి వంచి రోడ్డు వైపే వెలుగు పడేలా పెట్టడం, తెల్లటి వెలుగు బదులు పసుపు వెలుగు వాడటం, నడిచేవాళ్లుండే వేళ దాటాక తగ్గించేయడం... ఇవన్నీ రాజీ మార్గాలే. సంపూర్ణ పరిష్కారం కాదు. ఆ మాట ఒప్పుకుని మొదలెడితేనే రాజీ కుదురుతుంది.

టిక్కెట్టు మరో తగవు. రుసుము పెంచితే జనం తగ్గుతారు, నిర్వహణకు డబ్బూ వస్తుంది. కానీ తగ్గేది ఎవరు? కారులో వచ్చే ఆసామి కాదు. ఆయన ఇంట్లో పనిచేసి, సాయంత్రం పిల్లలతో కాసేపు చెట్టు కింద కూర్చుందామనుకున్న పక్క బస్తీ అమ్మ. ఆమెకు ఇంకే తోటా లేదు. జనాన్ని తగ్గించాల్సి వస్తే డబ్బుతో కాకుండా వేళలతో, సంఖ్యతో తగ్గించడమే న్యాయం.

వానాకాలంలో కొన్నాళ్లు లోపలి దారి మూస్తామంటే రోజూ నడిచేవాళ్లకు కోపం వస్తుంది. కానీ నెమళ్లు గుడ్లు పెట్టేదీ, నేల మెత్తబడి తేలిగ్గా కోతపడేదీ ఆ రోజుల్లోనే. ఏడాదిలో కొన్ని వారాలు మనం బయటి దారితో సరిపెట్టుకుంటే పోయేదేమీ లేదు. పచ్చిబాలింత ఉన్న ఇంటికి చుట్టాలు కొన్నాళ్లు వెళ్లరు. అలిగి కాదు, మర్యాద కోసం.

ఒక్క దారి చాలు

ఇక ఆ కిటికీ దగ్గరి అమ్మమ్మ సంగతి. ఆమెకు అడవి మధ్యకు వెళ్లాలని లేదు. కొండ ఎక్కాలని లేదు. గేటు దాటి వంద గజాలు కుర్చీలో సాగి, ఓ వేపచెట్టు నీడన ఆగి, తంగేడు పూసిందో లేదో చూసి, నెమలి కూత వినగలిగితే చాలు. ఆ వంద గజాల దారి వేయడానికి అడవి ఇచ్చుకోవాల్సింది చాలా తక్కువ. ఆ దారిని మించి ముందుకు వెళ్లకుండా ఆగడానికి మనం ఇచ్చుకోవాల్సిందీ తక్కువే.

అడవికి కావాల్సింది మనల్ని బయట ఉంచే గోడ కాదు. ఇక్కడిదాకా చాలు అని మనంతట మనం ఆగే గీత. రేపు పొద్దున నడకకు వెళ్లినప్పుడు దారి పక్కన కొత్తగా ఓ అడ్డదారి మొదలవుతున్నట్టు కనిపిస్తే దాని వైపు ఓసారి చూడండి. అటు వెళ్లకుండా ముందుకు సాగిపోండి. నాలుగు వానలు పడితే అక్కడ మళ్లీ గడ్డి మొలుస్తుంది!